కాస్పర్‌లో వంగిన బారు

కార్నీ, నెబ్రాస్కా
జనవరి 9

ఎల్డన్,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు, అందరూ బాగానే ఉన్నారు. ఫోన్లో అయితే అయిదో నిమిషానికి మనకు అరుపులే. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇద్దరం ఒప్పుకున్న సంగతి అదొక్కటే. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

పని మీదే రాస్తున్నాను. విడాకుల రోజున జడ్జి గారు మన చక్రాల ఇల్లు, ఆ మోటార్‌హోమ్ నీకు, కారు నాకు రాసిచ్చారు. కారుని వెనక కట్టి లాక్కెళ్లే ఇనప టో బార్ మోటార్‌హోమ్ వెనక ఉంది కాబట్టి అదీ నీకే పోయింది. పాపం, ఆయన పెద్ద బండి వెనక కారు కట్టి ఊళ్లు తిరిగిన మనిషి కాదు. ఆ బారు తగిలించే ప్లేటు నా కారు ముందు బంపర్ లోపల బోల్టులతో బిగించి ఉంది. ఒకరికి తాళం కప్ప, ఇంకొకరికి తాళంచెవి ఇచ్చి పంపించాడు మహానుభావుడు.

ఇక కూర్చుని చదువు. నేను మోటార్‌హోమ్ కొన్నాను. నేను వంట చేసిన స్కూల్లో బ్యాండు నేర్పిన మాస్టారు పోయాక వాళ్లావిడ అమ్మేసింది. చిన్నదే, పాతదే, తుప్పు లేదు. మినిసోటాలో లేక్ సుపీరియర్ ఒడ్డున ఒక పార్కులో వేసవంతా క్యాంపు చూసుకునే పనికి నన్ను ఒప్పుకున్నారు. జీతం లేదు, బండి పెట్టుకోవడానికి చోటు ఉచితం. ఆ సరస్సు చూడాలని నేనెప్పుడన్నా నువ్వు దోమలంటూ కొట్టిపారేసేవాడివి, గుర్తుందా?

షరతు ఒక్కటే. నాకు అక్కడ కారు ఉండాలి. వచ్చినవాళ్లకు ఏ అర్ధరాత్రో ఒంట్లో బాగోకపోతే ఊళ్లోకి తీసుకెళ్లాలి. రెండు బండ్లు ఒక్కదాన్నే నడపలేను గనక కారు వెనక కట్టుకుని పోవాలి. దానికి మన బారే కావాలి, ఆ కంపెనీదే నా ప్లేటుకి తగులుతుంది. నీకిప్పుడు కారే లేదు, బారుతో ఏం చేసుకుంటావు? కాస్పర్ ఊళ్లో నువ్వు రివర్స్ చేసి దాని రెండు ఇనప చేతుల్లో ఒకటి వంచినప్పుడు కొత్త చెయ్యి వేయించావు కాబట్టి సగం కొత్తదే లెక్క. న్యాయమైన ధర చెప్పు.

మార్లిస్


క్వార్ట్‌జ్‌సైట్, అరిజోనా
జనవరి 20

మార్లిస్,

నీ ఉత్తరం చదివి వెర్లిన్‌కి కూడా చదివి వినిపించాను, నేను తప్పు చదివానేమోనని. వెర్లిన్, ఓపల్ అని నా పక్కన దిగిన దంపతులు. మీ వైపు లెక్సింగ్టన్ వాళ్లే, ఏటా చలికి ఇక్కడికొస్తారు.

నువ్వు మోటార్‌హోమ్ నడుపుతావా? చర్చి దగ్గర కారు పెట్టడానికే ముందుకో పది సార్లు, వెనక్కో పది సార్లు పోతావు. గాలి పక్క నుంచి కొడితే ఆ బండి పక్క లేనులోకి దూకుతుంది. వెనక ఇంకో కారు కూడానా? అది వంట కాదు తల్లీ, కళ్లు నాలుగుండాలి.

బారు అమ్మను. నేనూ ఒక కారు కొంటాను, నాకే కావాలి. ఇక్కడ నా తిప్పలు నీకేం తెలుసు? పాలు కావాలన్నా పెద్ద బండి జాకీలెత్తి, మెట్లు మడిచి, సామానంతా సర్ది బయల్దేరాలి. లేదంటే సైకిలు. అరవై ఆరేళ్ల వాణ్ణి, ఎడారిలో సైకిలు మీద, వెనక నీళ్ల డబ్బా కట్టుకుని పోతుంటే కుందేళ్లు కూడా ఆగి చూస్తున్నాయి.

పట్టుదల మీదున్నావు గనక చెబుతున్నాను, విను. అక్కడే ఎక్కడైనా పాతది వెతుక్కో. కొత్తది దండగ. రెండు చేతులూ పూర్తిగా బయటికి లాగి చూడు, నున్నగా జారాలి, చివర్లో టక్కున తాళం పడాలి. కీలు దగ్గర పట్టుకుని ఊపు, లటలటలాడితే వదిలెయ్. బారు విరిగినా కారు ఊడిపోకుండా పట్టే గొలుసులు కొత్తవి కొనుక్కో, వాటి దగ్గర పీనాసితనం వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి వంగిన చెయ్యి మాత్రం వద్దు. కాల్చి, సుత్తితో తిన్నగా చేసి, పైన నల్ల రంగు వేసి అంటగడతారు. కాలిన ఇనుములో సత్తువ ఉండదు. హైవే మీద ఏ గతుకులోనో పుటుక్కుమంటే నీ కారు నిన్ను దాటి ముందుకెళ్తుంది. వంగింది ఊరికే ఇచ్చినా ముట్టుకోకు. రంగు చూసి మోసపోకు, వంగిందేమో అడుగు.

ఇంకో మాట. తగిలించేటప్పుడు కాస్త చురుగ్గా కానివ్వు. నువ్వు వెనక ఆ గొలుసులు పట్టుకుని జపం చేస్తూ కూర్చుంటే నేను హారన్ కొట్టీ కొట్టీ అరచెయ్యి కాయలు కాచింది.

ఎల్డన్


కార్నీ
ఫిబ్రవరి 2

ఎల్డన్,

నేను నడపగలనా లేదా అన్న సంగతి నీకూ తెలీదు, నాకూ తెలీదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తాళంచెవి ఇచ్చి చూడలేదు నువ్వు. స్కూలు బస్సు నడిపే రమోనా ఆదివారాలు నేర్పిస్తోంది. ఆవిడ అరవదు. మొదటి రోజు చర్చి వాళ్ల చెత్త డబ్బా ఒకటి పడగొట్టాను. రెండో వారం గ్రాండ్ ఐలాండ్ దాకా పోయి వచ్చాను.

గ్రాండ్ ఐలాండ్ వెళ్లింది పాత బారు చూడటానికే. రైతు ఒకాయన కొట్టంలో పెట్టాడు. దాని మీద కోడి పొదుగుతోంది. "అది లేచేదాకా ఆగమ్మా, ఇప్పుడు కదిపితే పొడుస్తుంది" అన్నాడు. కాఫీ ఇచ్చాడు, వాళ్లమ్మాయి పెళ్లి ఫొటోలు చూపించాడు. కోడి లేచింది. చేతులు లాగి చూశాను, ఒకటి రాదు, ఇంకోటి వస్తే పోదు. "నూనె వేస్తే బ్రహ్మాండం" అన్నాడు. వేసి చూపించమన్నాను. నూనె లేదట.

హేస్టింగ్స్‌లో ఇంకొకటి చూశాను. మొగుడు తెగ పొగుడుతున్నాడు, రాకీ కొండలన్నీ దాని మీదే తిరిగామని. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వాళ్లావిడ వెనకాల నిలబడి నా వంక చూస్తూ తల అడ్డంగా ఊపింది. కొనలేదు. బారు సంగతి ఆవిడకే తెలుస్తుంది గదా, మోకాళ్ల మీద కూర్చుని తగిలించేది ఆవిడే కాబట్టి. మొగుళ్లు స్టీరింగ్ దగ్గర కూర్చుని హారన్ కొడతారు.

బ్రేకు పెట్టె మాత్రం దొరికింది. కారులో డ్రైవరు కాళ్ల దగ్గర పెడితే, ముందు బండి బ్రేకు వేసినప్పుడల్లా అదే పెడల్ తొక్కుతుంది. లింకన్‌లో ఒక నర్సు అమ్మింది, తను వాడిన ఏడాదీ ఎలా పనిచేసిందో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇక బారే మిగిలింది.

వంగిన చెయ్యి వద్దు, వంగిన చెయ్యి వద్దు అని ఒకే ఉత్తరంలో ఎన్నిసార్లు రాశావో. మనదానికి ఆ బెంగ లేదుగా, కాస్పర్‌లో కొత్తది వేయించావు. మరోసారి ఆలోచించు. కారు కొన్నావా ఇంతకీ?

మార్లిస్


క్వార్ట్‌జ్‌సైట్
ఫిబ్రవరి 17

మార్లిస్,

కారు ఇంకా కొనలేదు. చూస్తున్నాను.

ఈ మధ్య నేనూ పాత బార్లు చూస్తూ తిరుగుతున్నాను. నాక్కాదు, ఇక్కడ తెలిసినవాడొకడికి కావాలంటే. అచ్చం మనదానిలాంటిదే కావాలట. వెర్లిన్ కార్లో యూమా రెండుసార్లు వెళ్లొచ్చాం.

ఇక్కడ బారు అమ్మేవాళ్ల తీరు నీకు తెలుసుగా. రోడ్డు మానుకున్నవాడే బారు అమ్ముతాడు. టీవీ అమ్మినా, కుర్చీలమ్మినా ఎవరూ ఏమీ అనుకోరు. బారు బయట పెట్టి ధర రాశాడంటే మాత్రం పక్క బళ్లవాళ్లు వచ్చి చావు పలకరింపులు మొదలుపెడతారు. మొదటాయన బారు చూపించడానికి ఒప్పుకున్నాడు, ధర అడిగితే అలాస్కా కథ ఎత్తుకున్నాడు. ఎండలో నిలబెట్టి అలాస్కా వెళ్లడం, రావడం మొత్తం చెప్పాడు. చివరికి "ఇంకో ఏడాది ఉంచుకుంటాలే" అని గొళ్లెం పెట్టేశాడు. వెర్లిన్ దారి పొడుగునా నన్ను తిట్టాడు.

రెండో చోట ఒక ముసలావిడ. ఆయన పోయాడు. బారు దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టుకుంది. నేను దీపం వేసి చూశాను, భూతద్దం అడిగి తీసుకుని చూశాను, ప్రతి అతుకూ తడిమాను. ఆవిడకి విసుగొచ్చి "పెళ్లికూతుర్ని కూడా ఇంతసేపు చూడరయ్యా" అంది. బాగుంది. ఎక్కడా దెబ్బ లేదు. తెలిసినవాడికి అదే చాలనుకున్నాను.

కాస్పర్ సంగతి ప్రతి ఉత్తరంలో ఎందుకు? జరిగిపోయింది.

నువ్వు వెళ్లక తప్పదా? వేసవిలో నెబ్రాస్కా ఏం చేదు?

ఎల్డన్


కార్నీ
మార్చి 6

ఎల్డన్,

కొంగలు వచ్చాయి. ప్లాట్ నది మీద తెల్లారేసరికి ఒకటే గోల, వాటిని చూసేవాళ్లతో ఊళ్లో హోటళ్లు నిండిపోయాయి.

పార్కు వాళ్లు రాశారు. ఏప్రిల్ ఆఖరి వారానికి కారుతో సహా చేరాలి, లేకపోతే జాబితాలో తర్వాతి మనిషిని పిలుస్తారు. ఓమహాలో మూడోది చూశాను, పనికిరాదు. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వీధి చూసే వేసవి నాకు ఇంకొకటి వద్దు, ఎల్డన్. నిరుడు ఒకటి గడిపాను. చాలు.

ఆఖరిసారి అడుగుతున్నాను. మన బారు నాకు అమ్ము. వెర్లిన్ వాళ్లు ఇంటికి వచ్చేటప్పుడు వాళ్ల బండిలో వేసి పంపు. అందులో ఏమైనా లోపం ఉంటే అది చెప్పు, అదీ వింటాను. అడిగిందానికి అవునో కాదో రాయి.

మార్లిస్


క్వార్ట్‌జ్‌సైట్
మార్చి 19

మార్లిస్,

సరే. వెర్లిన్‌తో పంపుతున్నాను. లోపం ఏమీ లేదు. మన బారే. శుభ్రం చేసి నూనె వేశాను, అందుకే కాస్త కొత్తగా కనిపిస్తుంది. డబ్బు వద్దు.

గొలుసులు ఒకదానికొకటి అడ్డం పడేలా తగిలించు. తగిలించాక గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసుకో.

ఎల్డన్


కార్నీ
ఏప్రిల్ 2

ఎల్డన్,

వెర్లిన్, ఓపల్ ఆదివారం వచ్చారు. స్కూల్లో వండినట్టే మాంసం, చిక్కుళ్లు వేసి చిల్లీ చేశాను, పక్కన దాల్చినచెక్క రోల్స్. వెర్లిన్ మూడు గిన్నెలు తిన్నాడు. తర్వాత బారు దింపి పెట్టాడు.

అది మన బారు కాదు.

దాని మీది కొంగ స్టిక్కర్ మాత్రం మన పాత బారుదే. కాస్త వంకరగా అంటించావు. ఓపల్ నోట్లో నువ్వుగింజ నానదని నీకు ఇంకా తెలిసినట్టు లేదు. తన జుట్టు ఆరబెట్టుకునే మిషను నువ్వు అరువు తీసుకెళ్లి పాత బారు మీది స్టిక్కర్ మెల్లగా ఊడదీశావట. కొత్తగా కనబడకూడదని చేతులకు ఉప్పుకాగితం కూడా రుద్దావట. అలా రుద్ది పాడుచేస్తున్నావేంటని ఆవిడ అడిగితే "సర్‌ప్రైజు" అన్నావట. ఆవిడ చెప్పకపోయినా నాకు తెలిసేది. ఎడమ చెయ్యి బయటికి లాగాను, ఎక్కడా పట్టకుండా వచ్చేసింది. మనది సగంలో పట్టేది. కాస్పర్ తర్వాత మర్నాడు ఉదయం నుంచీ పట్టేది.

అవును, నాకు ఆ రోజే తెలుసు. కారు కట్టి ఉండగా వెనక్కి పోతే బారు వంగుతుందని తెలిసీ పెట్రోలు బంకులో నువ్వు వెనక్కి పోనిచ్చావు. వెనక నిలబడి నేను రెండు చేతులూ ఊపాను, అరిచాను, అద్దంలో నన్ను చూసి కూడా పోనిచ్చావు. వంగింది. నేను సరిగ్గా సైగ చెయ్యలేదన్నావు. నన్ను మోటెల్లో దింపి వెల్డింగు షాపుకి తీసుకెళ్లి, సాయంత్రం "కొత్త చెయ్యి వేయించాను" అన్నావు. మర్నాడు మోకాళ్ల మీద కూర్చుని లాగితే సగంలో పట్టింది, రంగు ఇంకా వేలికి అంటింది.

ఇప్పుడే చెబుతాడు, భోజనం దగ్గర చెబుతాడు, రేపు చెబుతాడు అనుకున్నాను. నువ్వు చెప్పలేదు. నేనూ అడగలేదు, అది నా మొండితనం. ఆ బారు మీద నాలుగేళ్లు తిరిగాం. ప్రతి ఉదయం ఆ చెయ్యి మొత్తం వేలితో తడిమేదాన్ని, ఎక్కడైనా పగులు కనిపిస్తుందేమోనని. గొలుసులు ఒకటికి రెండుసార్లు చూసేదాన్ని. తెగిపోతే వెనక వచ్చే కారులో ఎవరుంటారో అని దారంతా వెనక కెమెరా బొమ్మే చూస్తూ కూర్చునేదాన్ని. నువ్వు జపం అన్నావే, అది ఇదే. నువ్వేమో హారన్ కొట్టేవాడివి.

నాకు ఆ బారు అవసరం లేదు, ఎల్డన్. దాన్ని ఎవరు ఊరికే ఇచ్చినా ముట్టుకోను. కానీ జనవరిలో అడిగాను. నేను ఒంటరిగా దాని మీద పోతానంటేనైనా చెబుతావేమో చూద్దామనిపించింది. నువ్వు గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూ మూడు ఉత్తరాలు రాశావు. వంగింది వద్దు, వంగింది వద్దు! ఒక్క వాక్యం రాస్తే పోయేదానికి రెండుసార్లు యూమా వెళ్లావు, అలాస్కా కథ విన్నావు, ఓపల్ మిషను అరువు తెచ్చావు.

నన్ను చావనివ్వలేదు, అది నాకు తెలుసు. జాలేసింది. ఒళ్లు మండింది కూడా. రెండూ కలిసి వస్తే ఏం చెయ్యాలో తెలీక గిన్నెలు తోమాను. ఓపల్ తుడిచి పెట్టింది, మొదటిసారి నోరు మూసుకుని.

పాత బారు ఎక్కడుంది? అది ఎవరి చేతికీ వెళ్లకూడదు.

మార్లిస్


క్వార్ట్‌జ్‌సైట్
ఏప్రిల్ 10

మార్లిస్,

బారు లేదు. ఊళ్లో గారేజీకి తీసుకెళ్లి మూడు ముక్కలు కోయించాను. నీ ఉత్తరం రాకముందే ఒక జంట అడిగారు, ఎంతకిస్తావని. అమ్మనన్నాను. ఎందుకన్నారు. కాస్పర్‌లో కొత్త చెయ్యి వేయించలేదు, కాల్చి తిన్నగా చేయించాను, ఇది చచ్చిన ఇనుము అని చెప్పాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. వాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. ఆకాశమేం విరిగి పడలేదు.

కొత్త చేతికి ఆ రోజు కాస్పర్‌లో రెండు రోజులు ఆగాలన్నారు. తప్పు నాదని ఆ రెండు రోజులూ నీ మొహం చూస్తూ కూర్చోలేకపోయాను. అంతే. ఇంకే కారణమూ లేదు.

నువ్వు ఆ నాలుగేళ్లూ తెలిసే కూర్చున్నావని చదివాక రెండు రోజులు బండిలోంచి బయటికి రాలేదు. నాకు సిగ్గుగా ఉంది.

ఒక మాట అడుగుతాను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి, అందరూ వెళ్లిపోతున్నారు. నేను కార్నీ వస్తాను. నీ చిన్న బండి అమ్మెయ్. మన మోటార్‌హోమ్, వెనక నీ కారు, కొత్త బారు. మినిసోటాకే పోదాం, దోమలున్నా సరే. బండి నేను నడుపుతాను, నీకు శ్రమ ఉండదు. గాలిలో, లారీల మధ్య ఆ పొడవు బండి నడపడం ఎంత కష్టమో నీకు తెలీదు మార్లిస్. ఎన్నేళ్లుగానో చెబుతూనే ఉన్నాను. ఇరవై లోపు జవాబు రాయి.

ఎల్డన్


టూ హార్బర్స్ దగ్గర, మినిసోటా
ఏప్రిల్ 24

ఎల్డన్,

నీ ఉత్తరం బయల్దేరే ముందు రోజు చేతికొచ్చింది. జవాబు ఆలస్యం చేసింది కావాలనే. ముందు వచ్చి చూద్దామనుకున్నాను.

నువ్వు చెప్పావు, మంచిది. ఎవరో దారినపోయేవాళ్లకి ముందు చెప్పి, తర్వాత నాకు చెప్పావు. అయినా సంతోషమే. దాన్ని కోయించినందుకు ఇంకా సంతోషం. ఆ జంట ఇప్పుడు ఎక్కడున్నా క్షేమంగా ఉంటారు. నువ్వు పంపిన బారు చాలా మంచిది, ఆ ముసలావిడ అడ్రసు పంపు, ఉత్తరం రాస్తాను.

రావద్దు, ఎల్డన్. నేను నిన్ను ద్వేషించడం లేదు, కాబట్టి ఆ ఆశా ఈ ఆశా పెట్టుకోకుండా సూటిగా రాస్తున్నాను. నా పక్క సీట్లో నీకు చోటుంటే ఉంటుందేమో ఎప్పటికైనా. నీ పక్క సీట్లో మాత్రం నేను ఇక కూర్చోను.

మూడు రోజుల్లో వచ్చాను. సౌత్ డకోటా సరిహద్దు దగ్గర గాలి నువ్వు చెప్పినట్టే పక్క నుంచి కొట్టింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని వేగం తగ్గించాను. అంతే. లారీ పక్కనుంచి పోయినప్పుడు బండి కాస్త ఊగింది, మళ్లీ తిన్నగా పోయింది. ఫార్గోలో పెట్రోలు బంకులో తిరగడానికి చోటు చాలక దిగి, కారు విప్పి, పక్కకు తీసి, మళ్లీ కట్టుకున్నాను. ఎవరూ హారన్ కొట్టలేదు.

ఇక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. సరస్సుకి అవతలి ఒడ్డు కనబడదు. బండి ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. పార్కు వాళ్లు కిటికీ తట్టి బాగానే ఉన్నారా అని అడిగారు. బాగానే ఉన్నానన్నాను. నువ్వు లేవని ఏడవలేదు. భయమేసీ ఏడవలేదు.

అది కష్టమేమీ కాదు, ఎల్డన్. ముప్పై ఎనిమిదేళ్లు కష్టమని చెప్పావు, నేను నమ్మాను. అస్సలు కష్టం కాదు.

మార్లిస్